తగిలినవాడే చెప్పాలి

నాలుగో రోజుకు దెబ్బ రంగు మారింది. ఆదివారం ఎర్రగా ఉంది, సోమవారం నల్లబడింది, మంగళవారానికి నేరేడుపండు తొక్కలా తయారైంది. బుధవారం పొద్దున అంచుల దగ్గర పచ్చబడటం మొదలుపెట్టింది. ఎడమ చంక కింద, పక్కటెముకల మీద, రెండు వేళ్ల వెడల్పున, జానెడు పొడవున ఉంది. మహిపాల్ స్నానానికి పోయేముందు బనియను ఎత్తి అద్దంలో చూసుకున్నాడు. చింతలకుంటలో అతనుండే గదిలో అద్దం చిన్నది. ముఖం చూసుకుంటే ఒళ్లు కనపడదు, ఒళ్లు చూసుకుంటే ముఖం కనపడదు. ఆ నాలుగు రోజులూ అతను ఒళ్లే చూసుకున్నాడు.

ఆ దెబ్బ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. కొట్టిన మనిషికి కూడా తెలియదు. తెలియకుండా చేసింది అతనే.

మహిపాల్‌ది ఇబ్రహీంపట్నం అవతలి పల్లె. ఎల్బీనగర్ రింగురోడ్డు పక్కన ఒక దుకాణంలో అల్యూమినియం పార్టిషన్లు బిగించే పని చేస్తాడు. ముప్పయ్యొక్క ఏళ్లు. రెండేళ్ల కింద చంపాపేటలో ఒక ఫంక్షన్ హాలుకు అద్దాలు బిగించడానికి పోయి, సెల్లార్లో ఇనుప చప్పుడు వినిపిస్తే కిందికి దిగి చూశాడు. బండ్లు పెట్టుకునే జాగాలో ఎనిమిది మంది, ముఖాలకు జాలీ ముసుగులు, చేతుల్లో రొమ్ముదాకా వచ్చే పొడుగు కత్తులు. రెండు చేతులతో పట్టి ఒకరినొకరు కొట్టుకుంటున్నారు. అతను డ్రిల్లింగ్ మిషను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు తాత నేర్పిన కర్రసాము అరచేతుల్లోకి వచ్చినట్టయింది. ఆ మరుసటి ఆదివారం నుంచి తనూ పోవడం మొదలుపెట్టాడు. పెళ్లి ఉన్న ఆదివారం క్లాసు ఉండదు. లేనినాడు పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా.

నేర్పేది వంశీకృష్ణ. భీమవరం వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం. వారమంతా ఇన్సూరెన్సు ఆఫీసులో పని. బెంగళూరులో ఉన్న నాలుగేళ్లూ ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. కత్తులకు పదును ఉండదు, కానీ ఇనుము ఇనుమే. అందుకే ముసుగు, దూది కుట్టిన కోటు, చేతులకు గ్లౌజులు. వాటిని చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దని అతను మొదటిరోజే చెబుతాడు. ఇది కవచం లేనివాళ్ల పోరు, ఒంటిమీద చొక్కా తప్ప ఇంకేమీ లేదనుకునే ఆడాలి, ఎదుటి కత్తికి పదును ఉందనే నమ్మాలి అంటాడు.

అక్కడ తీర్పు చెప్పే మనిషి ఉండడు. ఒకటే పద్ధతి. దెబ్బ తిన్నవాడే కత్తి దించి, ఎడమచేయి ఎత్తి, తగిలింది అనాలి. కొట్టినవాడు నోరెత్తకూడదు. తగిలిందా అని అడగడం కూడా మర్యాద కాదు. అడిగితే ఎదుటివాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే లెక్క.

తప్పులు అందరూ చేస్తారు. కానీ ఎవరి తప్పు వాళ్ల బతుకులోంచే వస్తుందని మహిపాల్ కొన్నాళ్లకు కనిపెట్టాడు. హయత్‌నగర్ డిపోలో ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరైన అంతయ్య ఉన్నాడు. ఎవరైనా మీదికి వస్తే పక్కకు తప్పుకోడు, అద్దాలు చూసుకుంటూ బస్సును వెనక్కి తీసినట్టు తిన్నగా వెనక్కే పోతాడు, పోయి పోయి స్తంభానికి ఆనుకుంటాడు. అక్కడ అందరూ అతన్ని కొడతారు. సాధన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో రక్తం తీస్తుంది. హయత్‌నగర్‌లో తల్లి ఎలీశమ్మతో ఉంటుంది. ఇరవయ్యారేళ్లు, బక్కమనిషి, క్లాసులో అందరికన్నా చురుకైన చేయి. ఆమె తప్పు ఏమిటంటే, దెబ్బ కొట్టాక ఆగిపోతుంది. సూది దిగినాక చేయి కదపగూడదు గదా, ఏడేళ్లుగా అదే అలవాటు. దెబ్బ దిగిన చోటనే కత్తిని ఉంచి, ఊపిరి బిగబట్టి, ఎదుటివాడు తగిలింది అనేదాకా నిలబడుతుంది.

“దెబ్బ కొట్టాక పని అయిపోలేదండీ సాధన గారూ, సగమే అయింది,” అని వంశీకృష్ణ ఆమెకు వారం వారం చెప్పేవాడు. కొట్టిన వెంటనే కత్తిని మధ్యలో అడ్డం పెట్టుకుని దూరం జరగాలని చేసి చూపించేవాడు. ఆమె తలూపేది. మళ్లీ ఆగిపోయేది.

మహిపాల్ తప్పు వేరు. పీర్ల పండుగనాడు ఊళ్లో కర్రసాము ఆడేటప్పుడు కర్రకు కర్ర తగలాలి, టకటకా మోగాలి, చూసేవాళ్లు ఈలలు వేయాలి. మనిషికి తగిలితే ఆట చెడుతుంది. తాత నేర్పింది ఆ విద్య. అందుకని అతని చేతులు రెండేళ్లయినా మనిషి మీదికి పోవు, ఎదుటివాడి కత్తి మీదికి పోతాయి. బలం ఉన్న మనిషి, పెద్ద చప్పుడు వస్తుంది. తెలిసినవాళ్లు ఆ సమయానికి కత్తిని కిందినుంచి తప్పిస్తారు. అతని దెబ్బ గాలిలోకి పోతుంది. వాళ్ల దెబ్బ అతని మీదికి వస్తుంది.

ఆ ఆదివారం సాధన అదే చేసింది, మూడుసార్లు. రెండుసార్లు అతను చేయి ఎత్తి తగిలింది అన్నాడు. చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లు నవ్వారు. అంతయ్య ముసుగు నెత్తిమీదికి ఎత్తుకుని, “గా కత్తితోని నీకేం పంచాది రా మహిపాల్? మనిషి గీడున్నది సూడు,” అన్నాడు. ఇంకా నవ్వారు. సాధన కూడా నవ్వింది. చెడ్డ నవ్వేమీ కాదు. కానీ ముసుగు లోపల మహిపాల్‌కు చెవులు వేడెక్కాయి. ఈసారి కత్తిని చూడను, మనిషినే చూస్తాను అని గట్టిగా అనుకున్నాడు. అనుకుంటూనే కత్తి మీదికి పోయాడు. ఆమె కత్తి కిందికి జారింది. అతని చేతులు ఖాళీలోకి ఊగాయి. చంక కింద చురుక్కుమంది.

తగిలింది. కోటు దాటి, చొక్కా దాటి, ఎముక దాకా తెలిసింది.

ఆమె ఆగింది. ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి, కత్తి కొస కొంచెం దించి, అతని మాట కోసం చూసింది. ఆ మాట రావలసిన జాగాలో అతని కత్తి వచ్చింది. తిప్పి, పైనుంచి, ఒళ్లంతా పెట్టి కొట్టాడు. క్లాసుకు మంచి గ్లౌజులు రెండే జతలు, ఆరోజు ఆమెకు వచ్చింది పాత జత. ఎండిన చిక్కుడుకాయ విరిచినంత చిన్న చప్పుడు వచ్చింది.

సాధన అరవలేదు. నేలమీద కూర్చుని, ఎడమచేత్తో మెల్లగా గ్లౌజు లాగింది. కుడిచేతి చూపుడువేలు పక్కకు తిరిగి ఉంది. దాన్ని చూస్తూ, ఎవరితోనూ కానట్టు, “తాకిందనుకున్న,” అంది.

“తాకలే,” అన్నాడు మహిపాల్.

ముసుగు తీయకుండానే అన్నాడు. ఒక్క మాట. ఇంకెవరూ ఏమీ అడగలేదు. తగిలినవాడు చెప్పిందే మాట గదా.

ఎముక రెండుచోట్ల విరిగిందని దవాఖానలో చెప్పారు. లోపల తీగ పెట్టి కట్టు కట్టారు, ఐదు వారాలు అన్నారు. ఆ ఐదు వారాలూ సెంటరువాళ్లు ఆమెను రక్తం తీసే కుర్చీ దగ్గరినుంచి లేపి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే కౌంటర్లో కూర్చోబెట్టారు.

మరుసటి ఆదివారం వంశీకృష్ణ అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాత గ్లౌజులు వాడనిచ్చింది తనేనని, అది తన తప్పని ముందు చెప్పుకున్నాడు. తర్వాత జరిగినదాంట్లోంచి నేర్చుకోవలసింది నేర్చుకుందామని మహిపాల్‌ను లేపి తనకు ఎదురుగా నిలబెట్టాడు. సాధన నిలబడ్డట్టు తను నిలబడి చూపించాడు. కొట్టిన దెబ్బ అందిందని ఆవిడ అనుకున్నారు, అందలేదు, అందినా అందకపోయినా చేతులు దించకూడదు, ఎదుటి మనిషి ఇంకా బతికే ఉన్నాడు అని చెప్పాడు. మెల్లగా కొట్టి చూపించమన్నాడు. మహిపాల్ కొట్టి చూపించాడు.

“మహిపాల్ గారు చేసింది సరైన పనేనండి. దెబ్బ తప్పించుకుని తిరిగి కొట్టారు. జోరు తగ్గించుకోవాలి, అంతే.”

అందరూ తలలూపారు. అంతయ్య కూడా ఊపాడు. మహిపాల్ చొక్కా కింద దెబ్బ అప్పటికి పసుపు రంగుకు వచ్చింది. అక్కడే చొక్కా ఎత్తి చూపిస్తే సరిపోయేది. చేయి కత్తి పిడి మీదే ఉండిపోయింది. ఇంకో వారమైతే ఈ మచ్చ కూడా పోతుంది, పోతే చూపించడానికి ఏమీ ఉండదు అనుకున్నాడు. ఆ ఆలోచనతో భయం వేయాల్సింది. ధైర్యం వచ్చింది. తర్వాత చాలా రోజులు అతన్ని తిన్నది ఆ ధైర్యమే.

మూడో వారంలో బత్తాయిలు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. మెట్రో కింద బస్సులు, పుస్తకాల సంచులు తగిలించుకున్న కోచింగు పిల్లలు. వాళ్లను తప్పించుకుంటూ వెనక గల్లీలో మెట్లెక్కాడు. సాధన కౌంటర్లో కూర్చుని ఎడమచేతి ఒక్క వేలితో కంప్యూటర్లో పేర్లు కొడుతోంది. అతన్ని చూసి కుర్చీ చూపించింది. కోపం లేదు. అది ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

క్లాసు సంగతులు అడిగింది. అంతయ్య మామ ఇంకా రివర్సు గేర్లనే ఉన్నడా అని నవ్వింది. పొద్దున బస్సుకోసం నిలబడ్డప్పుడు ఎడమచేత్తో గొడుగు పట్టుకుని కొట్టడం, కొట్టి అడ్డం పెట్టుకుని జరగడం చేస్తున్నానని చెప్పింది. పక్కనవాళ్లు పిచ్చిదనుకుంటున్నారట. తర్వాత గొంతు తగ్గించింది.

“ఒక్కటే సమజైతలేదు అన్నా. గా దెబ్బ అందిందని నా చేతికి మంచిగ తెలిసింది. అందలే అంటే, మరి నా చేతికి తెలిసిందేంది? సూది పట్టినప్పుడు సుత నేను గా తెలిసిందాన్నే నమ్ముకుంట కద.”

మహిపాల్ నోట్లో మాట తయారుగానే ఉంది. అంతలో ఒక ముసలాయన చీటీ పట్టుకుని వచ్చాడు. ఆమె పేరు, వయసు అడగసాగింది. అది ఒక సాకు. ముసలాయన పోయాక కూడా మహిపాల్ చెప్పలేదు. బత్తాయిలు కౌంటరు మీద పెట్టి, పని ఉందని లేచాడు.

ఐదు వారాలు దాటాక కట్టు విప్పారు. వేలు పూర్తిగా వంగలేదు, కొసన సగం మొద్దుబారింది. అయినా ఆమెను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటిరోజే ఇద్దరికి నరం దొరకలేదు. ఒక పెద్దమ్మకు చేయి కమిలి వాచింది, కొడుకు వచ్చి గొడవ చేశాడు. సెంటరు చూసుకునే సూర్యప్రభ మేడం మంచి మనిషే, కానీ శనివారం దాకా చూస్తానంది. శనివారం పది మందికి తీయాలి. చేతగాకపోతే కొత్త పిల్లను తీసుకుంటారు, సాధన కౌంటర్లోనే ఉండిపోవాలి. ఈ సంగతి క్లాసులో అంతయ్య చెప్పాడు. వాళ్ల ఇల్లూ సాధన ఇల్లూ ఒకే కాలనీలో ఉన్నాయి. వేలు కాదట అసలు బాధ, సూది చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెడుతుందట, వాళ్లమ్మ ఏడుస్తోందని చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం మహిపాల్ దుకాణంలో సెలవు చెప్పి పోయాడు. ఆ వేళకు సెంటర్లో జనం ఉండరు. సాధన రక్తం తీసే చిన్న గదిలో ఒక్కతే కూర్చుని, తన ఎడమచేతి మీదే నరం వెతుక్కుంటోంది.

“నా చేయి సూడు,” అన్నాడు.

“నీ చేయిల దొరికితే ఏం లాభమన్నా. బరువులు మోసినోని చేయి, నరాలు తాళ్ల లెక్కుంటయి. కండ్లు లేనోనికి సుత దొరుకుతయి.”

అయినా కూర్చోమంది. రబ్బరు పట్టీ కట్టింది. విరిగిన వేలితో మోచేయి మడత దగ్గర వెతికింది. వేలు ఒకచోట ఆగింది, దాటిపోయింది, వెనక్కి వచ్చి మళ్లీ ఆగింది. సూది తీసుకుంది. కింద పెట్టింది. మళ్లీ వెతికింది, మళ్లీ తీసుకుంది, పెట్టింది. తాళ్లంత నరాలు పైకే కనపడుతున్నాయి. మూడోసారి పెట్టాక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“ఉన్నదనిపిస్తది. లేదేమో అని మళ్ల అనిపిస్తది. ఆ దినం సుత ఉన్నదనే అనిపించింది కద.”

“ఆ దినం తాకింది, సాధనా.”

ఆమె తలెత్తలేదు. “ఏంది?”

“నీ దెబ్బ. తాకింది. నేనే చెప్పలే. తాకినంకనే కొట్టిన.”

బయట నీళ్ల మిషను గుర్రుమంటోంది. కింద గల్లీలో ఎవరో బండి స్టార్టు కాక తన్నుతున్నారు. పట్టీ కట్టిన మహిపాల్ చేయి మెల్లగా నీలంగా మారుతోంది. సాధన కుడిచేయి చాచింది. వంగని ఆ వేలిని అతని ఎడమ చంక కింద, చొక్కా మీద పెట్టింది. అతను చోటు చూపించలేదు. ఆమె వెతకనూ లేదు.

“గీడ,” అంది.

“గీడనే.”

అక్కడ ఇప్పుడు మచ్చ లేదు. వేలు మాత్రం కాసేపు అక్కడే ఉంది. తర్వాత తీసేసుకుంది.

పట్టీ విప్పింది, అతని చేతికి నెత్తురు పారేదాకా ఆగి మళ్లీ కట్టింది. ఈసారి కుడిచేయి పక్కన పెట్టి ఎడమచేతి నడిమి వేలితో తడిమింది. వేలు ఆగిన చోట ఆగింది, దాటిపోలేదు. సూది దిగింది. ట్యూబులోకి నెత్తురు వచ్చింది. సూది దిగినాక ఆమె చేయి వెంట్రుకవాసి కదలలేదు. ఆమె ఊపిరి కూడా వినపడలేదు. మహిపాల్ ఆ నిలకడను దగ్గరినుంచి చూశాడు. తను ఆ రోజు కొట్టింది దీన్నే.

దూది పెట్టి చేయి మడవమంది. ట్యూబు మీద పేరు రాయలేదు, చెత్త పారేసే ఎర్ర డబ్బాలో వేసేసింది.

“ఏలు ఇరిగినందుకు నేనేమనలే అన్నా. ఆటల ఇరుగుతయి. ఏడు వారాలు నా చేతిని నేనే తిట్టుకున్న. అది సక్కగనే ఉండె.” డబ్బా మూత నొక్కింది. “నాకొక్కదానికి చెప్తే అయిపోదు. సారు నా తప్పు అందరికి పాఠం చెప్పిండంట కద. ఆడ చెప్పు. ఇగ పో.”

మెట్లు దిగి వచ్చాక కూడా అతను మోచేతిలో దూదిని అదిమి పట్టుకునే నడిచాడు. ఎల్బీనగర్ చేరేసరికి నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది. అయినా వదల్లేదు.

ఆదివారం పెళ్లి లేదు, క్లాసు ఉంది. అందరూ కోట్లు తొడుక్కుంటుంటే మహిపాల్ మధ్యలో నిలబడి ఎడమచేయి ఎత్తాడు. చేతిలో కత్తి లేకుండా అట్లా చేయి ఎత్తితే ఎవరికీ మొదట అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఎక్కువసేపు పట్టలేదు, నాలుగు మాటలు. వంశీకృష్ణ ముసుగును రెండు చేతులా పట్టుకుని దాని జాలీలోకి చూస్తూ ఉండిపోయాడు.

“అయితే నేను మీకు తప్పు పాఠం చెప్పానన్నమాట,” అన్నాడు చివరికి. ఆవిడ ఆగడమూ తప్పేననుకోండి అని ఏదో మొదలుపెట్టాడు, మధ్యలో వదిలేశాడు. మహిపాల్‌ను పొమ్మనలేదు, తిట్టలేదు. జతలు కట్టండి అన్నాడు. జతలు కట్టడానికి ఆరోజు చాలాసేపు పట్టింది. చివరికి అంతయ్య వచ్చి మహిపాల్ ఎదుట నిలబడ్డాడు.

నిన్న సాధన పది మందికీ తీసిందని, ఒక్కరికి మాత్రం రెండోసారికి దొరికిందని, కుర్చీ నిలిచిందని అంతయ్య చెప్పాడు. చెప్పేటప్పుడు మహిపాల్ ముఖంలోకి చూడలేదు. సాధన క్లాసుకు ఇక రాదట, తన కోటు వచ్చేటప్పుడు ఇంటికి తెమ్మని అంతయ్యకు చెప్పిందట. కోటు గోడ దగ్గర మడతపెట్టి ఉంది.

ముసుగులు దించుకున్నారు. మహిపాల్ ఈసారి కత్తి మీదికి పోలేదు. అంతయ్య భుజాలను చూశాడు, అడుగును చూశాడు. అంతయ్య కూడా అన్నాళ్ల తర్వాత మొదటిసారి వెనక్కి కాక పక్కకు జరిగాడు. జరిగి మెల్లగా కొట్టాడు. కత్తి మహిపాల్ కుడి భుజానికి తగిలింది. మహిపాల్ కత్తి దించాడు, ఎడమచేయి లేస్తోంది, నోరు తెరుచుకుంటోంది.

“తాకిందా?” అన్నాడు అంతయ్య జాలీ వెనకనుంచి.

రెండేళ్లలో ఆ సెల్లార్లో ఎవరూ ఎవరినీ ఆ మాట అడగలేదు. అంతయ్య గొంతులో ఎగతాళి లేదు, తెలుసుకోవాలనే అడిగాడు. పక్క జతలు కూడా ఆగి ఇటు చూశాయి.

“తగిలింది,” అన్నాడు మహిపాల్.

తర్వాత జత మారింది. ఎదుటికి వచ్చిన పిల్లవాడు కొట్టాడు, కత్తిని అడ్డం పెట్టుకుని రెండడుగులు దూరం జరిగాడు. మహిపాల్ చేయి ఎత్తాడు. ఆ పిల్లవాడు కత్తి దించకుండానే, తగిలిందా అన్నా అని అడిగాడు.